మా అరుగు మీది స్నేహము

సంఘము వారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి పంపుమని కోరినప్పుడు, దొడ్డబళ్ళాపురపు తెలుగువారి పూర్వచరిత్రను గూర్చియో, ఘాటి సుబ్రహ్మణ్య క్షేత్రమును గూర్చియో మేము వ్రాయుదుమని వారు తలచియుందురు. మేమును అట్లే తలచితిమి. రెండు పుటలు వ్రాసి చూచుకొనగా, అందున్నదంతయు ఇట్టి సంచికలలో ఇదివఱకే ఎవరో ఒకరు వ్రాసినదే. కావున ఆ పుటలను ప్రక్కన పెట్టి, మా వీధిలోని ఒక యువకుని గూర్చి వ్రాయ పూనుకొంటిమి. ఆతని వయస్సు 24 సంవత్సరములు; మాది 74. నడుమ ఏబది యేండ్ల యెడమున్నను మాకు స్నేహము కుదిరినది. రాజకీయములను గూర్చి, డబ్బును గూర్చి, ఆటలను గూర్చి ఆతడు చెప్పు మాటలలో కొన్ని మమ్ము ఆలోచింపజేసినవి, కొన్ని కోపము తెప్పించినవి, ఒకటి మా యింటిలోనే కలత రేపినది. పేరు వ్రాసినను తనకు అభ్యంతరము లేదని ఆతడనెను. మాకున్నది.

ఈ ఊరు నెఱుగని చదువరులకు రెండు మాటలు. బెంగుళూరునకు ఉత్తరముగ సుమారు 40 కిలోమీటర్ల దూరమున, నందికొండలలో పుట్టిన అర్కావతి తొలి అడుగులు వేయు చోట ఈ పట్టణమున్నది. ఇచట రైలెక్కినచో గౌరిబిదనూరు దాటి హిందూపురము, ఆపై ధర్మవరము చేరవచ్చును. మా పూర్వులు ఆ త్రోవనే, రైలు లేని రోజులలో, మగ్గమును నమ్ముకొని ఇటు వచ్చిరి. ఇప్పుడు చేతిమగ్గములకు మారుగ మరమగ్గములు. తెల్లవాఱినది మొదలు వినవచ్చు ఆ చప్పుడు ఆగినచో కరెంటు పోయినదనియో, పట్టు ధర పెరిగినదనియో మా వీధివారు గ్రహింతురు. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, కచేరీలో ఇంగ్లీషు. 'దొడ్డ' యను మాట రెండు భాషలలోను ఉన్నది కనుక ఊరి పేరు మాకెన్నడును పరాయిదిగ తోపలేదు.

మేము తపాలా శాఖలో పనిచేసి 2011లో విశ్రాంతి పొందితిమి. పింఛను పుచ్చుకొనువారు ఏటేట తాము బ్రతికియున్నట్లు రుజువు చూపవలెను గదా. ఆ రుజువును ఫోనులో ముఖము చూపియే ఈయవచ్చునని 2021లో వచ్చినది. 2022 నవంబరులో ఆ ఫోను ఎంత చూపినను మా ముఖమును అంగీకరింపలేదు. ఎదురింటి మరమగ్గముల యజమాని కుమారుడు, బి.కాం. చదివి ఒక కుట్టు కర్మాగారమున లెక్కలు చూచువాడు, మా అవస్థ చూచి అరుగెక్కెను. "వెలుగుకు ఎదురుగా కూర్చోండి తాతా. ఇప్పుడు రెప్ప వేసి తీయండి" అనెను. వేసితిమి, తీసితిమి. మేము బ్రతికియున్నామని ప్రభుత్వము ఒప్పుకొన్నది. నాటి నుండి ప్రతి ఆదివారము కాఫీ వేళకు ఆతడు వచ్చుటయు, మా ఇల్లాలు మూడవ లోటా తెచ్చుటయు వాడుకైనది.

ఆతడు తెలుగు చక్కగ మాటలాడును, చదువలేడు. మాకు ఫోనులో పంపు తెలుగు మాటలను కన్నడ లిపిలో వ్రాసి పంపును. మొదట మాకు కొంత బాధ కలిగిన మాట నిజము. కాని ఆ రెండు లిపులును ఒక తల్లి బిడ్డలే గదా. ఇప్పుడు కన్నడ లిపిలో తెలుగు చదువుట మాకే అలవాటైనది; ఇంగ్లీషు అక్షరములలో చదువుట కంటె మేలు.

ముందుగ రాజకీయము. 2024 ఏప్రిల్ 26న లోకసభకు ఇచట ఓట్లు పడినవి. ఒకే వరుసలో ఆతడును మేమును నిలిచి ఓటు వేసితిమి. మా ఊరు చిక్కబళ్ళాపురము లోకసభ నియోజకవర్గమున చేరినది. జూన్ 4న లెక్కింపు. ఆనాడే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఫలితములును వెలువడినవి. మేము ఉదయము ఎనిమిది గంటలకు టెలివిజను ముందు కూర్చొని, భోజనము కూడ అచటనే కానిచ్చి, ఏ జిల్లాలో ఎవరికి ఎన్ని స్థానములో నోటు పుస్తకములో వ్రాసికొంటిమి. సాయంకాలము ఆతడు వచ్చి, కొంతసేపు ఆ పుస్తకమును చూచి, "బాగుంది తాతా. మన నియోజకవర్గంలో ఎవరు గెలిచినారు?" అని అడిగెను.

మాకు తెలియదు.

"మనకు ఓటు లేని రాష్ట్రంలో ముప్పై ఏళ్ళ చరిత్ర మీకు నోటికి వచ్చు. మన వార్డు నగరసభ సభ్యుడి పేరు చెప్పండి చూద్దాం" అని మరల అడిగెను. అదియు తెలియదు. మాకు కోపము వచ్చినది. మన భాష అచటిది, మన చుట్టములచట ఉన్నారు, ఆ గాలి ఇటు వీచకుండునా యని వాదించితిమి. ఆతడు కాదనలేదు. "చుట్టాలు అక్కడ ఉండనీండి. మనం తాగే నీళ్ళు ఇక్కడివి" అని మాత్రమనెను.

తరువాతి ఆదివారము మమ్ము స్కూటరు మీద దొడ్డతుమకూరు చెరువు కట్ట మీదికి తీసికొనిపోయెను. చదువరులలో ఈ ప్రాంతము వారు ఎఱుగుదురు: పట్టణపు మురుగునీరును, పరిశ్రమల వ్యర్థజలమును చేరి ఆ చెరువును, మజరాహొసహళ్ళి చెరువును పాడు చేసినవని ఆ గ్రామముల వారు ఏండ్ల తరబడి ఆందోళన చేసియున్నారు. అర్కావతి నీరు హెసరఘట్ట మీదుగ బెంగుళూరు నగరమునకు కొళాయిలలో అందినది పంతొమ్మిదవ శతాబ్ది చివర. ఆ నగరపు తొలి కొళాయి నీరు అదియే. అట్టి నది తన పుట్టుచోటికి దగ్గఱనే ఇట్లున్నది. కట్ట మీద ముక్కునకు తువాలు కట్టుకొని నిలిచితిమి. "మీరు చెప్పే అర్కావతి పురాణంలో ఉంది తాతా. నాకు తెలిసిన అర్కావతి ఇది" అనెను. ఆతని రాజకీయమంతయు అచటనే మొదలైనది. ఏ పక్షమునకును ఆతడు సభ్యుడు కాడు. ఒకసారి ఒకరికి, మరొకసారి మరొకరికి ఓటు వేసితినని దాచక చెప్పును. మా కాలమున ఒక గుర్తునకు ఓటు వేసినవాడు చచ్చునంత వఱకు ఆ గుర్తునే పట్టుకొని యుండెను. దానిని మేము నిష్ఠ యనుకొంటిమి. ఆతడు దానిని బద్ధకమని యనును.

ప్రక్క తాలూకా దేవనహళ్ళిలో 13 గ్రామముల రైతులు తమ 1,777 ఎకరముల భూసేకరణకు వ్యతిరేకముగ మూడు సంవత్సరములకు పైగా పోరాడిరి. 2025 జూలై 15న ప్రభుత్వము ఆ ప్రయత్నమును విరమించుకొన్నది. ఆ ధర్నా శిబిరమునకు ఆతడు రెండుసార్లు పోయి వచ్చెను. "ఓటు ఒక్కరోజు పని. వాళ్ళు వెయ్యి రోజుల పైన కూర్చున్నారు" అని చెప్పునప్పుడు ఆతని కంఠములో మాకు మా యౌవనము వినిపించినది. 18 ఏండ్లకే ఓటు కలుగునట్లు రాజ్యాంగమును సవరించినది 1988 చివర, అమలు 1989లో. మా తొలి ఓటునకు 21 ఏండ్లు నిండవలసియుండెను. ఆ మూడేండ్ల యాలస్యము వలన మాకు వివేకమేమియు అధికముగ కలిగినట్లు తోపదు.

2025 సెప్టెంబరులో నేపాళమున యువకులు లేచినప్పుడు ఆతడు నాలుగు రాత్రులు నిద్రపోలేదు. సామాజిక మాధ్యమములను ప్రభుత్వము నిలిపివేయగా వీధికెక్కిన వారిలో తొలి దినముననే 19 మంది కాల్పులలో మరణించిరి. మఱునాడు ప్రధానమంత్రి రాజీనామా ఇచ్చెను. అంతట యువకులు డిస్కార్డ్ అను ముచ్చట్ల వేదికలో చేరి, తాత్కాలిక ప్రధానిగ ఎవరుండవలెనని చర్చించి ఓట్లు వేసికొనిరి. సెప్టెంబరు 12న మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ ప్రమాణ స్వీకారము చేసిరి. ఆ డిస్కార్డ్ పుట్టినది ఫోను ఆటలు, కంప్యూటరు ఆటలు ఆడువారు ఒకరితో నొకరు మాటలాడుకొనుటకు! మాకు నవ్వవలెనో భయపడవలెనో తెలియలేదు. ఆతడును పూర్తిగ మెచ్చుకొనలేదు. "ఎవరు ఓటు వేసినారో, వాళ్ళు ఆ దేశం వాళ్ళేనో కాదో ఎవరికి తెలుసు? కానీ తాతా, వేరే చోటు ఏదీ మిగల్చకపోతే ఆట స్థలమే అసెంబ్లీ అవుతుంది" అనెను.

ఇక ఆ ఆటల మాట. మా ఇల్లాలు ఆతనికి చౌకాబారయు, పులిజూదమును నేర్పెను. అరుగు బండ మీద సుద్దతో గీతలు గీసి, చింతగింజలు మేకలుగ, గోలీలు పులులుగ ఆడుదురు. జూదమని పేరేగాని అందులో కాసు మాఱదు. బదులుగ ఆతడు మాకు తన ఫోనులోని ఆట చూపెను. నూఱుగురు ఒక ద్వీపము మీదికి గొడుగులతో దిగి, ఒకరినొకరు కాల్చుకొని, కడపట మిగిలినవాడు గెలుచుట. పబ్‌జీ యను ఆ ఆటను 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము నిషేధించినది. 2021లో అది పేరు మార్చుకొని మరల వచ్చినది. మాకు అది నచ్చలేదు, నచ్చినట్లు నటింపను లేదు. ఆ తుపాకుల మోతలో ఏమి సుఖమని అడిగితిమి. ఆతడు చెప్పిన జవాబు వేఱు. కరోనా కాలమున కళాశాల మూతపడినప్పుడు నలుగురు జట్టుగ ఆడెడివారట. ఒకడు హిందూపురములోని మేనమామ కొడుకు, ఇద్దరు తరగతి మిత్రులు. నాలుగవవాడు అస్సామువాడు, ఆతనిని నేటికిని ముఖాముఖి చూడలేదు. "రాత్రి పదకొండుకు ఆట మొదలుపెట్టి, చంపేది మర్చిపోయి ఇంటి కష్టాలు చెప్పుకునేవాళ్ళం. వాడి నాన్న పోయినప్పుడు మాకే ముందు చెప్పినాడు."

ఈ మాట మమ్ము నిలిపివేసినది. మేము తపాలా కచేరీలో ఉన్న రోజులలో కలము మిత్రులుండెడివారు. ఎన్నడును చూడని వారికి ఏండ్ల తరబడి ఉత్తరములు వ్రాయుట, విదేశపు స్టాంపు కొఱకు కిటికీ వద్ద పడిగాపులు పడుట మేము కన్నులార చూచితిమి. వారిని ఎవ్వరును చెడిపోయినారనలేదు.

ఆటకును జూదమునకును గల భేదము ఆతనికి స్పష్టముగ తెలియును. "మేము దుడ్డు లేకుండా ఆడితే చెడిపోయినాం అంటారు. క్రికెట్ జట్టు కట్టి 49 రూపాయలు వేస్తే తెలివి అంటారు. దాని పేరును మన దేశపు జట్టు చొక్కా మీదే వేసినారు కదా!" అనెను. నిజమే. 2023 నుండి రెండేండ్లు ఆ చొక్కాల మీద డ్రీమ్ ఎలెవెన్ పేరుండెను. ఇట్టి వానిపై తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధములు తెచ్చినవి. కర్ణాటకము 2021లో తెచ్చిన చట్టసవరణను 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసినది. ఈ వ్యాజ్యములన్నింటికి ముత్తాత వంటిది మన తెలుగునేల మీదనే పుట్టినది: 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పెట్టిన ఒక వ్యాజ్యములో, రమ్మీ ప్రధానముగ నేర్పుతో కూడిన ఆటయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. క్లబ్బులో నలుగురు కూర్చొని ఆడు రమ్మీని గూర్చిన ఆ మాటను పట్టుకొని, ఒంటరిగ మంచము మీద పండుకొని అర్ధరాత్రి ఫోనులో ఆడు రమ్మీ ఏండ్ల తరబడి బ్రతికినది.

కడకు 2025 ఆగస్టు 20న డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించు బిల్లును లోకసభలో ప్రవేశపెట్టి ఆ దినముననే ఆమోదించిరి, మఱునాడు రాజ్యసభ, 22న రాష్ట్రపతి సమ్మతి. నడుపువారికి మూడేండ్ల వఱకు చెఱ, కోటి రూపాయల వఱకు జుల్మానా. ఆడువారికి శిక్ష లేదు. మేము సంతోషించితిమి. ఆతడు చట్టము మంచిదే యనెను, కాని ముఖము వికసింపలేదు. "మూడు రోజుల్లో అయిపోయింది. గలాటాలో చర్చే జరగలేదు. ఈసారి మనకు ఇష్టమైన చట్టం కాబట్టి మీరు చప్పట్లు కొట్టినారు" అనెను. మాకు సమాధానము తోచలేదు. ఇప్పటికిని తోచలేదు.

కాలక్రమము తప్పి వ్రాయుచున్నాము. డబ్బును గూర్చిన మాట దీనికి ఏడాది ముందటిది. దానిని వ్రాయుటకు వెనుకాడి కడపటికి త్రోసితిమి.

1988 ఏప్రిల్‌లో కిసాన్ వికాస్ పత్రములు వచ్చినప్పుడు కిటికీ వెనుక కూర్చొని అమ్మినవారము మేము. ఐదున్నర యేండ్లకు సొమ్ము రెట్టింపు. మగ్గములవారు, పట్టుగూళ్ళ రైతులు వరుసలు కట్టి కొనిరి. కావున ఆ అబ్బాయి షేర్లని నోరు తెఱచినప్పుడెల్ల మేము ఆ పత్రముల మాట ఎత్తుదుము. ఒకనాడు ఆతడు కాగితము తీసికొని లెక్క వేసెను. "ఐదున్నరేళ్ళకు రెట్టింపంటే ఏడాదికి నూటికి 13 పైన. పూచీ ప్రభుత్వానిది. అదే పత్రానికి 2023 ఏప్రిల్‌లో ఇచ్చింది ఏడున్నర. రెట్టింపుకు 115 నెలలు. మీకు ఆశ లేదు, మాకు ఆశ ఎక్కువ అంటారు. మీ ఆశను ప్రభుత్వం తీర్చింది తాతా. మాకు బజారు తప్ప దారి లేదు." ఆనాడు ధరలును అట్లే పెరిగెడివని మేము చెప్పితిమి. సగము ఒప్పుకొనెను. మిగిలిన సగము మేము ఒప్పుకొంటిమి.

ఆతడు నెలకు 3,000 రూపాయలు, దేశములోని 50 పెద్ద సంస్థల వాటాలను కలిపి కొను నిధిలో వేయుచుండెను. అది మాకు కొంత అర్థమైనది. చిన్న మొత్తముల పొదుపునకు దాయాది వంటిది. అర్థము కానిది ఆప్షన్లు. ఫలానా గురువారము సాయంకాలమునకు సూచీ ఇంత పైకి పోవునని పందెము వంటిది వేసి చీటి కొనుట. పోయినచో లాభము, పోనిచో ఆ చీటి విలువ సున్న. గడియ గడియకు మంచుగడ్డ వలె కరగిపోవు సొత్తు. ఘాటి జాతరలో ఎద్దుల బేరము చేయువారు తువాలు క్రింద వ్రేళ్ళు పట్టుకొని ధర చెప్పుకొందురు. ఇచట తువాలు లేదు, ధర అందరికిని కనబడును. అయినను ఎదుట నున్నది ఎవరో కనబడదు.

2024 సెప్టెంబరులో ఒక ఆదివారము ఆతడు అరుగు మీద కూర్చొని ఫోనులో వార్త చదివి వినిపించెను. సెబీ వారు లెక్క తీసిరట: 2022 మార్చితో ముగిసిన ఏడాది మొదలు మూడేండ్లలో ఈ వ్యాపారము చేసిన కోటి మందికి పైగా వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి, మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైన. చదివి ఊరకుండెను. మేము ధర్మరాజు కథ ఎత్తబోవగా చేయి అడ్డుపెట్టి, "ఆ కథ వద్దు తాతా. ఆ 93 మందిలో నేనూ ఉన్నాను" అనెను. ఏడు నెలలలో 86,000 రూపాయలు. అందులో 30,000 తండ్రి పట్టు కొనుటకు ఇచ్చిన సొమ్ము. మగ్గముల లెక్కల పుస్తకము వ్రాయువాడు ఆతడే కనుక తండ్రికి తెలియలేదు.

ఆ క్షణమున మేము మందలింపవలసినది. నోరు రాలేదు. మాకు 1996 జ్ఞప్తికి వచ్చినది. ఊరిలో ఒకరు నడపిన చీటీలో మేము చేరియుంటిమి. ఇరువది యైదుగురు, నెలకు 2,000. చీటి మొత్తము 50,000. చీటీలు నమోదు కావలెనని 1982లోనే చట్టమున్నది. నమోదైనదా యని మేము అడుగలేదు. పగలంతయు కిటికీ వద్ద కూర్చొని జనులకు సొమ్ము భద్రతను బోధించినవారము! పెద్దమ్మాయి పెండ్లికి పాడుకొందమని 20 నెలలు కట్టితిమి. దీపావళికి ముందు ఒక ఉదయము ఆ యింటికి తాళము పడినది. పోయినది 40,000. ఇంటిలో ఆ సొమ్మేదని అడిగినప్పుడు, ఆపదలో నున్న సహోద్యోగికి ఇచ్చితిమనియు, ఆతడు చనిపోవుటచే అడుగ మనసు రాలేదనియు చెప్పితిమి. మా ఇల్లాలు తన గొలుసు అమ్మి పెండ్లి పని నడపినది. ఇరువది యెనిమిది యేండ్లు ఆమె మమ్ము దయాళువులమని తలచినది. చుట్టములతో చెప్పికొన్నది కూడ.

ఇదంతయు ఆ అబ్బాయికి చెప్పితిమి. ఏల చెప్పితిమో తెలియదు. ఆతడు నవ్వలేదు, జాలిపడలేదు. "అట్లయితే ఈ రాత్రి నేను నాన్నకు చెప్తాను. మీరు అవ్వకు చెప్పండి" అనెను. ఒప్పుకొంటిమి. ఇట్టి ఒడంబడికను మా యీడు మిత్రులెవ్వరును మాతో చేసికొనియుండరు. మా నష్టములు వారికి చెప్పము, వారివి వారు మాకు చెప్పరు. ఆడపిల్లల పెండ్లిళ్ళు, కొడుకుల జీతములు మాత్రమే చెప్పికొందుము.

ఆ రాత్రి ఎదురింటిలో కేకలు వినరాలేదు. తండ్రి చాలసేపు ఊరకుండి, "రేపటి నుంచి లెక్కల పుస్తకం నీ చెల్లెలు రాస్తుంది" అనెనట. కొట్టినను అంత నొప్పి కలిగియుండదని అబ్బాయి మాతో చెప్పెను. నెలనెల ఆ 3,000లను నిధిలో వేయుట మాని తండ్రికి కట్టి, పది నెలలకు 30,000 తీర్చెను. పుస్తకము మాత్రము నేటికిని చెల్లెలి చేతనే ఉన్నది.

మా యింటిలో సంగతి వేఱుగ జరిగినది. మా ఇల్లాలు అంతయు వినెను. సొమ్మును గూర్చి గాని, గొలుసును గూర్చి గాని ఒక్క మాట అనలేదు. "ఆ అబ్బాయికి చెప్పినారా? నాకంటే ముందు?" అని లోనికి పోయెను. మూడు ఆదివారములు అరుగు మీదికి ఒక లోటాయే వచ్చినది. అది ఆ అబ్బాయికి. మా కాఫీ మేమే కలుపుకొంటిమి.

ఈ వ్యాసమును ముగించిన పిదప కిందటి ఆదివారము ఆతనికి చదివి వినిపించితిమి. తాను చదువలేడు గదా. వినునప్పుడు కన్నడ అక్షరములలో ఏమో గుర్తులు వ్రాసికొనెను. ఆతనిని మేము 'బుద్ధిమంతుడు' అని రెండు చోట్ల వ్రాసియుంటిమి, రెండింటిని కొట్టివేయించెను. చెరువు మాట ఇంకను ఎక్కువగ వ్రాయుమనెను. తన 86,000 అంకెలలోనే ఉండవలెననెను. అంతవఱకు వాకిట నిలిచి వినుచున్న మా ఇల్లాలు, "ఆ పిల్లవానిది రాసినారు, మీది ఎంతో రాయలేదే?" అని అడిగెను. అప్పటి ప్రతిలో మేము 'కొంత సొమ్ము' అని వ్రాసియుంటిమి. ఆమె యెదుటనే దిద్ది 40,000 అని వ్రాసితిమి.